మిసావో అన్నం ముట్టడం లేదు

అక్టోబర్ 3, మంగళవారం

1963 మార్చిలో, మాత్సుయే స్టేషన్ ముందు వానలో నిలబడి, ఒక్క ఏడాదే అని మిసావోకి మాట ఇచ్చాను. ఒక్క ఏడాది మా అమ్మ దగ్గర సర్దుకో, తర్వాత వేరే ఇల్లు చూస్తాను, నీ వంటిల్లు నీదే అన్నాను. గొడుగు నేనే పట్టుకున్నాను. ఆ మాత్రం మర్యాద ఉండేది అప్పుడు.

ఆ ఏడాది ఇరవై రెండేళ్లు నడిచింది. మా అమ్మ తాత్సు పోయాక గానీ ముగియలేదు. అప్పటికి మిసావోకి నలభై అయిదు. వేరే ఇల్లు అక్కర్లేకపోయింది. ఉన్న ఇల్లే ఖాళీ అయింది.

ఇప్పుడెందుకు ఇది? మిసావో అన్నం మానేసి పదహారు రోజులైంది. మతిమరుపు మూడేళ్ల నాటిది, అది కొత్త కాదు. తిండి మానడం కొత్త. పాలు నాలుగు గుక్కలు, డాక్టర్ ఇచ్చిన తియ్యటి మందునీళ్లు కొన్ని. అన్నం గిన్నె పెడితే రెండు చేతులతో మెల్లగా నావైపు తోసేస్తుంది. తర్వాత వసారా వైపు చూస్తూ కూర్చుంటుంది.

ఈరోజు బరువు 36.2 కిలోలు. 33 కంటే తగ్గితే హాస్పిటల్, పొట్టకి రంధ్రం, ట్యూబ్ అన్నాడు డాక్టర్ నోసాకా. ఈ స్థితిలో వెళ్లినవాళ్లు ఇంటికి తిరిగి రావడం తక్కువ మాస్టారూ, ముందే చెప్తున్నాను అన్నాడు. ముందే చెప్పే మనుషులంటే నాకు పడదు.

ఏడాదిగా డబ్బా భోజనాలు తెప్పిస్తున్నాను. వాటితో విసిగిపోయిందని నా అనుమానం. రేపటి నుంచి నేనే వండుతాను. నాకు ఎనభై ఆరేళ్లు. ఇంతవరకు బియ్యం కడగలేదు.

అక్టోబర్ 4

సరస్సు ఆల్చిప్పలతో, మిసో అనే పులిసిన సోయా ముద్ద కలిపి, చారు చేశాను. అరవై ఏళ్లు ప్రతి ఉదయం తాగిన చారు. పళ్ల కింద ఇసుక కరకరలాడింది. ఉప్పునీళ్లలో నానబెట్టాలట, అవి ఇసుక కక్కేవరకు. ఇంటిపనికి వచ్చే అదాచి చెప్పింది. అదేంటి మాస్టారూ, ఇంత చదివారు, ఇది ఏ పుస్తకంలోనూ రాలేదా అంది.

రాలేదు. నా గదిలో పదకొండు వేల పుస్తకాలున్నాయి. సాహిత్యంలో ఎవడూ ఆల్చిప్పలు నానబెట్టలేదు. అందరికీ నానబెట్టినవే దొరికాయి.

మిసావో గిన్నె నావైపు తోసేసింది.

అక్టోబర్ 6

35.7.

అక్టోబర్ 9, సోమవారం

మిసావో చెల్లెలు కిమియె ఇజుమో నుంచి బస్సులో వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్లు. నాలుకకి మాత్రం ఇంకా ముప్పై దాటలేదు. గుమ్మంలోంచే, ఏం బావగారూ, ఏప్రన్ తలకిందులుగా కట్టుకున్నారు, జేబులో ఏమన్నా వేస్తే నేల మీద పడుతుంది, ఇదేనా మీ పాండిత్యం అంది. నిజంగానే తలకిందులుగా ఉంది.

ఒక మ్యాగజైన్ తెచ్చింది. ఇంట్లో చిన్న చిన్న ఆనందాల గురించి ప్రత్యేక సంచిక. ఎండలో ఆరిన తువ్వాలు వాసన, చలికాలపు దుస్తులు బయటికి తీసే మధ్యాహ్నం, పొగలు కక్కే అన్నం. ప్రతి పేజీలో ఒక సన్నటి అమ్మాయి కళ్లు మూసుకుని ఏదో ఒకటి వాసన చూస్తోంది. ఇది చదివి కాస్త మనిషి అవ్వండి, మా అక్క ఇన్నాళ్లూ మీతో ఏం చూసి బతికిందో తెలుస్తుంది అంది.

ఈవిడకి నేనంటే పెళ్లినాటి నుంచీ మంట. నాకూ అంతే. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. పీడ విరగడైంది. మ్యాగజైన్‌ని పాత పేపర్ల కట్టలో పడేశాను.

అక్టోబర్ 10

మ్యాగజైన్ మళ్లీ బయటికి తీశాను. బియ్యం ఎలా కడగాలో నలభై రెండో పేజీలో ఉంది.

అక్టోబర్ 13

బియ్యం మొదటి నీళ్లు వెంటనే పారబోయాలి. లేకపోతే తవుడు వాసన గింజలోకి పోతుంది. తర్వాత అరచేతి మడమతో మెల్లగా తొయ్యాలి. నాలుగో నీళ్లకి మసక విడుతుంది. అప్పుడు చేతి కింద గింజలు ఒక చప్పుడు చేస్తాయి. చెప్పడానికి మాట దొరకడం లేదు. మాటలతోనే బతికినవాణ్ణి.

చారు కోసం రాయిలా ఎండిన చేపని, బ్లేడు బిగించిన చెక్కపెట్టె మీద చిత్రిక పట్టడం కూడా వచ్చింది. మొదట పొడి రాలింది. మూడో రోజుకి పల్చటి రేకులు లేచాయి, గులాబీ రంగులో, ఊపిరి తగిలితే కదిలేటంత. వేడి నీళ్లలో వేసిన క్షణంలో వంటిల్లంతా ఆ వాసన. పొయ్యి ముందు అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు.

సంతోషం వేసింది. దాని వెనకే కోపం వచ్చింది. ఇది ప్రతి ఉదయం గోడకి అవతలే జరిగేది. ఈ వాసన నా గదిలోకి రాకుండా నేను తలుపు వేసుకునేవాణ్ణి. చైనా ప్రాచీన కవిత్వం మీద వ్యాసాలు రాసుకుంటూ. ఆ వ్యాసాలు చూసి నాకు ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు. నాతో పనిచేసే హిరోసెకి ఇచ్చారు. మూడక్షరాల పద్యాన్ని నాలుగు తప్పులతో చదివేవాడు. వాడి సంతాప సభలో శిష్యులంతా ఒకటే ఏడుపు. మా గురువుగారు ఆదివారాలు మాకు నూడుల్స్ వండిపెట్టేవారు అని. పాండిత్యం గురించి ఒక్కడూ ఎత్తలేదు. అప్పుడు నవ్వుకున్నాను.

మిసావో చారు వాసన చూసింది. ముఖం కాస్త కదిలింది. గిన్నె తోసేసింది. వసారా వైపు చూసింది.

అక్టోబర్ 16

చలి మొదలైంది. బట్టల బీరువా తెరిచాను. అదాచి వచ్చే రోజు కాదు, నేనే మార్చాలి. ప్రతి బట్ట ముతక కాగితంలో చుట్టి, పురి పెట్టిన దారంతో కట్టి ఉంది. పై సొరుగు మాత్రం మిసావోది. కింద మూడూ నావి. ఎప్పుడైనా బీరువా తెరిచి ఉంటే కదా తెలియడానికి. బట్టలు చేతికి వచ్చేవి.

మిసావోకి దూది పెట్టి కుట్టిన నీలం జాకెట్ తొడిగాను. ఎండలో వసారా అంచున కూర్చోబెట్టాను. నేను ఇంట్లో కట్టుకునే పాత నల్ల కిమోనో ఒకటి కిందపడితే దాన్ని ఒళ్లోకి లాక్కుంది. చెయ్యి పైనించి కిందికి, పైనించి కిందికి. ముడతలు తీస్తూనే ఉంది. రెండు గంటలు. స్పూన్ పట్టుకోలేని చేతులవి. ముఖం ప్రశాంతంగా ఉంది. ఇంత ప్రశాంతంగా ఉన్న మనిషి చచ్చిపోవాలని ఎందుకు పట్టు పట్టిందో అర్థం కావడం లేదు.

34.8.

అక్టోబర్ 19

ఈ వారం వండినవి: ముల్లంగి కలిపి ఉడికించిన చేప, నువ్వులతో పాలకూర, గుడ్డు ఆవిరికూర, చెస్ట్‌నట్ అన్నం. గుడ్డు ఆవిరికూర వణుకుతూ వచ్చింది, మిసావో చేసినట్టే. రుచి విషయంలో నేను అబద్ధం చెప్పను. బాగా చేశాను.

అన్నీ ముందు ఆవిడకే పెట్టాను. వేడి వేడిగా, మంచి గిన్నెల్లో. ఆవిడ అయ్యాక వంటింట్లో నిలబడి నేను తిన్నాను. ఇన్నేళ్లలో మా వంశంలో ఏ మగవాడూ చెయ్యని పని ఇది. మా నాన్న చూస్తే నన్ను ఇంట్లోంచి గెంటేవాడు. అయినా చేశాను. అయినా ముట్టలేదు.

అక్టోబర్ 22, ఆదివారం

డాక్టర్ సెలవు రోజున కూడా వచ్చాడంటేనే తెలిసింది. 33.9. ముప్పై ఒకటో తారీఖుకి బెడ్ చెప్పి ఉంచాను మాస్టారూ అన్నాడు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. ట్యూబ్ పెడితే బతకడం అంటారా దాన్ని అన్నట్టున్నాను. ఆయన ఓపికగా, మరి పెట్టకపోతే ఏమంటారండీ అన్నాడు.

తొమ్మిది రోజులు.

ఆయన వెళ్లాక మిసావో ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. తినవే, ఒక్క ముద్ద తిను, నీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. పట్టుకున్నాను కూడా. ఆవిడ భయపడింది. కాళ్లు వెనక్కి లాక్కుంది.

అక్టోబర్ 24, మంగళవారం

కిమియె వచ్చింది. నేనే ఫోన్ చేసి పిలిచాను. ఆ ఫోన్ చేయడానికి గంట పట్టింది.

మధ్యాహ్నం భోజనం పెట్టడం చూసింది. మిసావో ముందు పళ్లెం, అందులో అయిదు గిన్నెలు. పక్కన నేను, ఏప్రన్‌తో, చేతులు కట్టుకుని. కిమియె మొదట నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత చూస్తే ఆ కళ్లు నవ్వడం లేదు.

బావగారూ, అక్క మీకంటే ముందు ఎప్పుడైనా అన్నం ముట్టుకుందా అంది.

నాకు అర్థం కాలేదు.

మీ అమ్మగారి ముందు ఓసారి చేసింది, పెళ్లైన మొదటి నెలలో అంది. ఆకలేసి, మీరు కాలేజీ నుంచి రాకముందే రెండు ముద్దలు తిందట. ఆవిడ గిన్నె లాక్కుని పెరట్లో పారబోసిందట. మా ఇంట్లో మగవాడు తినకుండా ఆడది నోరు కదపదు అందట. అప్పటి నుంచి మీరు తిని లేచాక, వంటింటి చెక్కల మీద కూర్చుని, మీరు మిగిల్చింది తినేది. మీ అమ్మగారు పోయాక కూడా అంతే. ఇంకెవరున్నారే, బల్ల దగ్గర కూర్చుని తినవే అన్నాను నేను. అలవాటైపోయిందిలే అంది. మీకు తెలియదా? అరవై ఏళ్లు ఎదురుగా ఉండి, మీకు తెలియదా?

తెలియదు. కిమియె ఎదుట చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. నేను పుస్తకం పళ్లెం పక్కన పెట్టుకుని తినేవాణ్ణి. మిసావో నమలడం చూసిన గుర్తు ఒక్కటి కూడా లేదు. డబ్బాలు తెప్పించిన ఏడాది కూడా అంతే. నా డబ్బా నేను చదువుకుంటూ తినేసేవాణ్ణి, ఆ తర్వాత చదువులోంచి తల ఎత్తేసరికి ఆవిడ డబ్బా అప్పటికే ఖాళీగా ఉండేది.

ముందు ఆవిడకి పెట్టి మహా త్యాగం చేస్తున్నాననుకున్నాను. ఆవిడని ఆకలితో మాడ్చాను.

మా అమ్మని ఈరోజు తిట్టినంతగా ఎన్నడూ తిట్టలేదు. పూజగదిలో ఫోటో తిప్పి పెట్టాను.

అక్టోబర్ 25

తెల్లవారగానే వండాను. మిసావో ఎదురుగా కూర్చుని ముందు నేను తిన్నాను. కనిపించేలా తిన్నాను. చప్పుడు చేస్తూ చారు తాగాను. తర్వాత గిన్నె ఆవిడ ముందు పెట్టాను.

మిసావో మాట్లాడింది. నెల రోజుల్లో మొదటిసారి ఒక పూర్తి వాక్యం. చాలా మర్యాదగా, బయటివాళ్లతో మాట్లాడే గొంతుతో, మీరు తినండి, ఆకలిగా ఉన్నట్టున్నారు, మావారు ఇంకా ఇంటికి రాలేదండీ, ఆయన తినకుండా నేనెలా తింటాను అంది.

అని వసారా వైపు, వీధి తలుపు వైపు చూసింది.

అక్టోబర్ 26

33.4. నేనెవరినని ఆవిడని అడగలేదు.

అక్టోబర్ 27, శుక్రవారం

అదాచికి చెప్పాను. ఇంకెవరికీ చెప్పుకోలేను. అదాచి గిన్నెలు కడుగుతూ, అయితే అమ్మగారి వారిని ఇంటికి రప్పించాలి కదా మాస్టారూ అంది, చాకలి దగ్గర నుంచి బట్టలు తెప్పించాలి అన్నంత తేలిగ్గా.

బీరువాలో కింది సొరుగులో కాలేజీ నాటి బూడిదరంగు సూట్ ఉంది. కర్పూరం వాసన. ముప్పై ఏళ్లు దాటినా ఒక్క ముడత లేదు. తొడుక్కుంటే భుజాలు జారిపోయాయి. టోపీ మాత్రం సరిపోయింది, తల తగ్గదు కాబట్టి. తోలు బ్యాగ్‌లో రెండు పుస్తకాలు వేసుకుని పెరటి తలుపులోంచి బయటికి వెళ్లాను. సందు చుట్టూ తిరిగి, సాయంత్రం ఆరు గంటలకి వీధి తలుపు లాగి, వచ్చాను అన్నాను.

లోపల చాప మీద పాదాల చప్పుడు. మిసావో. మూడు నెలలుగా ఒకరు పట్టుకుంటే గానీ లేవని మనిషి. గోడ పట్టుకుంటూ వచ్చి, గుమ్మం మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, వచ్చారా ఏమండీ అంది.

ఏమండీ. నన్ను.

నేనూ కిందికి కూర్చుని, ఎలా ఉన్నావు మిసావో, ఆకలేస్తోందా, పద ఇద్దరం కలిసి తిందాం అన్నాను. చెయ్యి పట్టుకున్నాను.

ఆవిడ ముఖం ఖాళీ అయిపోయింది. చెయ్యి విడిపించుకుని అదాచి వైపు తిరిగింది, ఈయనెవరో చూడమ్మా అన్నట్టు.

అదాచి తర్వాత నన్ను పెరట్లోకి పిలిచి అడిగింది. ఏమీ అనుకోకండి మాస్టారూ, అప్పట్లో ఇంటికొచ్చి ఇలాగే పలకరించేవారా అని. లేదు అన్నాను. మరేం చేసేవారు అంది. నేను టోపీ తీసి దులపడం మొదలుపెట్టాను. చెప్పక్కర్లేదులెండి, చేసి చూడండి అంది.

అక్టోబర్ 28

చేశాను.

తలుపు లాగాను. వచ్చాను అని కూడా సరిగ్గా అనలేదు, గొంతులో గొణిగాను. బ్యాగ్ ఆవిడ చేతుల్లోకి తోశాను. కోటు విప్పి నేల మీద పడేశాను. టై ఒక మూల, మేజోళ్లు ఒక మూల. అన్నం అన్నాను. ఆ ఒక్క మాటే.

మిసావో ప్రతిదీ ఏరింది. కోటు దులిపి, భుజాలు సరిచేసి, హ్యాంగర్‌కి తగిలించింది. మేజోళ్లు జత కలిపింది. నల్ల కిమోనో విప్పి నా వెనక పట్టుకుంది, నేను చూడకుండా చేతులు పెడితే చేతులు దూరేంత ఎత్తులో. నడుము పట్టీ కట్టింది. ముడి తప్పలేదు.

అదాచి పళ్లెం లోపలికి అందించింది. నేను మధ్యాహ్నమంతా వండినదే. పుస్తకం తెరిచి తిన్నాను. ఒక్క అక్షరం కనబడలేదు. పేజీలు తిప్పాను. చారులో ఉప్పెక్కువైంది అన్నాను. ఆవిడ తల వంచి, క్షమించండి, రేపు చూసుకుంటాను అంది. గొంతులో ప్రాణం ఉంది.

సగం తిని లేచాను. మిసావో పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. చెక్కల మీద కూర్చుంది. నేను ఇటు తిరిగి, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని విన్నాను. చాప్‌స్టిక్స్ గిన్నెకి తగిలిన చప్పుడు. చారు తాగిన చప్పుడు. ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి పడిన చప్పుడు, టిక్, టిక్, చాలా నెమ్మదిగా. నమలడం. ఇంతకంటే మంచి చప్పుడు నేను వినలేదు. తల తిప్పి ఒక్కసారి చూశాను. ఆగిపోయింది. మళ్లీ పుస్తకంలోకి చూశాను. మళ్లీ మొదలైంది.

అన్నం మొత్తం తింది మాస్టారూ, చేప ముల్లు కూడా చీకింది అని అదాచి చెవిలో చెప్పి, గబగబా సంచీ తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ ఏడ్చింది. నేను ఏడవలేను, కిమోనోలో ఉన్నాను. ఈ మనిషి ఏడవడు.

అక్టోబర్ 29

బుద్ధి లేక ఒక ప్రయత్నం చేశాను. అంతా నిన్నటిలాగే చేసి, చివర చారు బాగుంది అన్నాను. అంతే. ఆ రెండు మాటలే.

మిసావో నన్ను తేరిపార చూసింది. పళ్లెం తీయలేదు. తినలేదు. మావారు ఇంకా రాలేదు అంది.

మళ్లీ బట్టలు వేసుకుని, పెరట్లోంచి చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చాను. ఉప్పెక్కువైంది అన్నాను. తింది.

అక్టోబర్ 31

33.6. పెరిగింది. రెండు వందల గ్రాములే, కానీ పెరిగింది. డాక్టర్ నోసాకా మిషన్ మీద రెండుసార్లు నిలబెట్టి చూశాడు. బెడ్ వద్దని ఫోన్ చేశాడు. ఏం చేశారు మాస్టారూ, ఏ మందు అన్నాడు. ఇంటి చిన్న చిన్న ఆనందాలు అన్నాను. ఆయన మెచ్చుకోలుగా నవ్వాడు. నేను చేసిన పరిశోధనల్లో ఎవరైనా మెచ్చుకున్నది ఇదొక్కటే.

కిమియెకి అదాచి చెప్పేసినట్టుంది. సాయంత్రం ఫోన్ చేసింది. దెప్పుతుందని చూశాను. బావగారూ, మీరు బాగానే చేస్తున్నారు, వదలకండి అంది. తిట్టినా బాగుండేది.

పూజగదిలో మా అమ్మ ఫోటో మళ్లీ ముందుకి తిప్పాను. ఆవిడ పారబోసింది ఒక్క గిన్నె.

నవంబర్ 5

ఇప్పుడు రోజు ఇలా గడుస్తోంది. పొద్దున ఎండ ఉంటే పరుపులు బయట వేస్తాను. మధ్యాహ్నం వంట. ఏప్రన్ సరిగ్గానే కడుతున్నాను. ఈరోజు టర్నిప్ ముక్కలు చారులో వేస్తే అద్దాల్లా అయ్యాయి. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించవలసిన మనిషి వసారాలో కూర్చుని వీధి తలుపు వైపు చూస్తోంది. ఆరింటికి వెళ్లి, వచ్చి, నా వంటకి నేనే వంక పెడతాను. ఎంత బాగా కుదిరితే అంత గట్టిగా వంక పెట్టాలి. అప్పుడే ఆవిడ ఎక్కువ తింటుంది.

34.1.

నవంబర్ 8

ఈ మధ్యాహ్నం మిసావో వంటింటి గుమ్మం దాకా వచ్చి, పొయ్యి దగ్గర ఉన్న నన్ను చాలాసేపు చూసింది. మీ చారు వాసన ఎంత బాగుందో, మీ ఆవిడ అదృష్టవంతురాలు అంది. తర్వాత గడియారం చూసి, గొంతు తగ్గించి, నా చొక్కా చెయ్యి పట్టుకుని పెరటి తలుపు వైపు లాగింది. ఆరవుతోంది, మీరు వెళ్లిపోండి, ఆయన వచ్చే వేళైంది, ఇలాంటి మంచి మనిషిని ఆయన చూస్తే ఊరుకోరు అంది.

వెళ్లాను. సందు మలుపులో వీధి దీపం కింద నిలబడి ఇది రాస్తున్నాను. టోపీ పెట్టుకున్నాను. మా అమ్మ, కిమియె, హిరోసె, అందరి మీద కోపాల పద్దులూ కొట్టేశాను. ఒక్కడే మిగిలాడు, ఆరింటికి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు వెళ్లి వాడికి తలుపు తియ్యాలి.

కాజితాని షూజో.